అవగాహన లోపం ఎవరికి?

పోస్టు పెద్దది. చార్జింగ్ ఉన్నప్పుడే మొదలుపెట్టండి, కానీ సగంలో వదలొద్దు.

మన బిడ్డ ఎవరైనా చనిపోతే పేపర్లో ఒక మూలన నాలుగు లైన్లు వస్తాయి. ఏ పేపరైనా, ఏ మండలమైనా ఆ నాలుగు లైన్లలో ఒక మాట తప్పకుండా ఉంటుంది: అవగాహన లోపం. గిరిజనుల్లో అవగాహన లేక, మూఢనమ్మకాల వల్ల, సకాలంలో ఆసుపత్రికి తీసుకురాక. ఈ మాట రాసేవాళ్ళకి ఎంత అలవాటైపోయిందంటే, చదివే మనకీ అలవాటైపోయింది. మన హాస్టల్లో కూర్చుని మనమే అంటున్నాం, "మనోళ్ళకి అవగాహన లేదురా" అని. ఈ పోస్టు ఆ మాట మీద కోపంతో రాస్తున్నాం. ఆ కోపంలో కొంత మన మీద కూడా ఉంది.

మాలో ఒకడి అక్క సంగతి చెప్తాం. పేరు, ఊరు రాయం, ఆమె వద్దంది. వయసు 21. కాన్పు ఆసుపత్రిలోనే అయింది. నొప్పులు మొదలవ్వగానే నలుగురు డోలీ కట్టి రోడ్డు దాకా మోసుకొచ్చారు, అక్కడి నుంచి బండి ఎక్కించారు. అంటే అవగాహన ఉన్నట్టే కదా! ఆడపిల్ల, 2 కిలోల 100 గ్రాములు. మూడో రోజు ఇంటికి పంపేశారు. "పిల్ల కొంచెం చిన్నది, పాలు బాగా పట్టు" అన్నారు. అంతకుమించి ఎవరూ ఏమీ చెప్పలేదు. ఏం చూసుకోవాలో, ఏం కనిపిస్తే పరిగెత్తాలో ఒక్క ముక్క చెప్పలేదు. చెప్పినా తెలుగులో చెప్తారు, అక్కకి కువి వచ్చినంత బాగా తెలుగు రాదు.

ఆరో రోజు సాయంత్రం నుంచి పిల్ల రొమ్ము పట్టడం తగ్గించింది. పట్టుకుంటుంది, రెండు చప్పరింపులు, వదిలేస్తుంది. ఏడో రోజు పొద్దున్నకి ఏడుపు కూడా తగ్గింది. చూడ్డానికొచ్చిన పక్కింటివాళ్ళు "ఎంత నెమ్మదైన పిల్లో, అసలు అల్లరే లేదు" అన్నారు. అక్కకి మాత్రం మనసు ఒప్పలేదు. "మొన్న ఇలా లేదు, మొన్న గొంతు చించుకుని ఏడ్చింది" అని నాలుగైదు సార్లు అంది. అమ్మమ్మ పిల్ల పాదాలు ముట్టుకుని చూసి, చల్లగా ఉన్నాయని కుంపటి దగ్గరికి జరిపించింది. మధ్యాహ్నం బావ సిగ్నల్ కోసం కొండెక్కాడు. ఆశా అక్క ఫోన్ కలిసింది గానీ ఆమె ఇంకో ఊర్లో కాన్పు దగ్గర ఉంది. బండి రోడ్డు దాకా వస్తానంది. మళ్ళీ డోలీ. పీహెచ్‌సీకి చేరేసరికి చీకటి పడింది. డాక్టరు లేరు. డ్యూటీలో ఉన్నామె చెయ్యి పెట్టి చూసి "జ్వరం లేదు కదా" అంది. అక్క వచ్చీరాని తెలుగులో "పాలు తాగట్లేదు" అంటే "పాలు పట్టడం కూడా రాదా నీకు" అంది. చీటీ రాసిచ్చి పెద్దాసుపత్రికి పొమ్మంది. ఇంజెక్షన్ ఏమీ వెయ్యలేదు. పెద్దాసుపత్రిలో అద్దాల గదిలో పెట్టారు. తెల్లారకముందే పిల్ల పోయింది.

కాగితం మీద "సెప్సిస్" అని రాశారు. మావ ఆ కాగితం పట్టుకుని పండక్కి వెళ్ళిన మా దగ్గరికొచ్చాడు. "మీరు చదువుకుంటన్నారు కదా బాబూ, ఇది ఏటో చెప్పండి" అన్నాడు. మేం నలుగురం. నలుగురూ ఇంటర్లో బైపీసీ. బాక్టీరియా గురించి పేజీలకు పేజీలు రాసి మార్కులు తెచ్చుకున్నవాళ్ళం. ఒక్కడం కూడా సరిగ్గా చెప్పలేకపోయాం. "ఇన్ఫెక్షన్ మావా" అన్నాం. "అదేటి" అన్నాడు. ఊరుకున్నాం.

కాబట్టి అవగాహన లోపం ఎవరికి అన్న ప్రశ్నకి మొదటి జవాబు: మాకు. ఇప్పుడు నేర్చుకున్నది రాస్తున్నాం. ఎనాటమీ చదివే నర్సింగ్ అక్కలు, ఎంబీబీఎస్ అన్నలు గ్రూపులో ఉన్నారు, తప్పుంటే దిద్దండి.

పుట్టిన బిడ్డ రక్తంలోకి సూక్ష్మజీవి చేరి, ఒళ్ళంతా పాకి, ఒక్కో అవయవం పని ఆపేలా చేసేది నవజాత శిశువు సెప్సిస్. పెద్దవాళ్ళకి రోజులు పట్టేది, నెలలోపు బిడ్డకి గంటల్లో అయిపోతుంది. పుట్టిన మూడు రోజుల్లోపే వస్తే ఎక్కువగా తల్లి నుంచి వచ్చింది: ఉమ్మనీరు పోయి 18 గంటలు దాటినా కాన్పు కాకపోవడం, కాన్పప్పుడు తల్లికి జ్వరం, ఉమ్మనీరు వాసన రావడం. ఆ తర్వాత వచ్చేది చుట్టుపక్కల నుంచి: కడగని చేతులు, బొడ్డు, చర్మం, ఆసుపత్రిలో వాడిన ట్యూబులు. నెలలు నిండకుండా పుట్టినవాళ్ళకి, రెండున్నర కిలోలకన్నా తక్కువ ఉన్నవాళ్ళకి భయం ఎక్కువ. తల్లి ఒంట్లోంచి రోగాన్ని అడ్డుకునే పదార్థాలు బిడ్డలోకి ఎక్కువగా చేరేది ఆఖరి నెలల్లోనే. ముందే పుట్టినవాడికి ఆ వాటా అందదు. ముర్రుపాలు పారబోయొద్దని అందుకే మొత్తుకుంటారు, ఆ పోయిన వాటాలో కొంతైనా అందులో దొరుకుతుంది.

ఇక ఆ రాత్రి డ్యూటీలో ఉన్నామె అన్న మాట, "జ్వరం లేదు కదా". మమ్మల్ని ఇప్పటికీ నిద్రపోనివ్వని మాట అది. నెలలోపు బిడ్డకి సెప్సిస్ వస్తే ఒళ్ళు కాలాలని రూలు లేదు. చాలాసార్లు చల్లబడిపోతుంది. 37.5 డిగ్రీలు, ఆపైన ఉంటే ఎంత ప్రమాదమో, 35.5 కన్నా కిందికి పోతే అంతే ప్రమాదం. అమ్మమ్మ పాదాలు ముట్టుకుని "సల్లగా ఉన్నాయి" అన్నప్పుడు ఆమె థర్మామీటరు లేకుండానే సగం రోగం కనిపెట్టింది. తెల్లకోటు వేసుకున్నామె కనిపెట్టలేదు. మరి అవగాహన లోపం ఎవరికి?

గుర్తులు ఇవీ, ఫోనులో దాచుకోండి. పాలు తాగడం మానేసినా, బాగా తగ్గించినా. మూర్ఛ వచ్చినా. ముట్టుకుంటేనే కదిలి, లేకపోతే కదలకుండా పడుంటే. ఒళ్ళు కాలుతున్నా, చల్లబడినా. ఊపిరి పీల్చినప్పుడు డొక్కలు లోపలికి గట్టిగా లాగేసుకుంటున్నా, మూలుగుతున్నా. నిమిషానికి ఊపిరి 60 లేదా అంతకన్నా ఎక్కువ ఉన్నా. వీటిలో ఏ ఒక్కటి కనిపించినా రేపు చూద్దాం అనే మాట లేదు, సంత రోజు బండి వస్తుంది అప్పుడు పోదాం అనే మాట లేదు. బొడ్డు చుట్టూ ఎర్రబడి చీము వస్తున్నా, ఒంటి మీద చీము పొక్కులు లేచినా, అరచేతులు అరికాళ్ళ దాకా పసుపు పాకినా అదే రోజు చూపించాలి.

ఊపిరి లెక్క గురించి ఒక్క మాట ఎక్కువ చెప్తాం, ఎందుకంటే మేం హాస్టల్లో పక్కగది అన్న పాప మీద ప్రాక్టీసు చేసి ముందు తప్పు లెక్కపెట్టాం. 15 సెకన్లు లెక్కపెట్టి నాలుగుతో గుణించేశాం. అది పనికిరాదు. ఈ వయసు బిడ్డలు ఒక చోట వేగంగా, ఒక చోట నెమ్మదిగా, మధ్యలో కాసేపు ఆగి కూడా పీలుస్తారు. బిడ్డ ఏడవకుండా ఉన్నప్పుడు, చొక్కా పైకెత్తి, పొట్ట లేవడం చూస్తూ, ఫోనులో స్టాప్‌వాచ్ పెట్టి పూర్తి నిమిషం లెక్కపెట్టాలి. 60 దాటితే ఇంకోసారి లెక్కపెట్టాలి. రెండోసారీ దాటితే బయల్దేరాలి. రీల్స్ చూసే ఫోనే చాలు, వేరే మిషన్ అక్కర్లేదు.

ఇప్పుడు మన పక్కనే జరిగిన ఒక సంగతి. ప్రాణహిత అవతల గడ్చిరోలి జిల్లా ఉంది కదా, మన ఆసిఫాబాద్, మంచిర్యాల వైపు మిత్రులకి బాగా తెలుసు, చుట్టాలు కూడా ఉంటారు. అక్కడ డాక్టర్ అభయ్ బంగ్, డాక్టర్ రాణీ బంగ్ అనే భార్యాభర్తలు 1986 నుంచి గోండు పల్లెల మధ్య పనిచేస్తున్నారు. వాళ్ళ సంస్థ పేరు సెర్చ్. ఆసుపత్రి ఎలా ఉండాలని జనాన్నే అడిగి, పల్లెలా గుడిసెల వరసలో కట్టి, వాళ్ళ దేవత దంతేశ్వరి పేరే పెట్టారు. 1990లలో అక్కడ వెయ్యిమంది పుడితే 60 మందికి పైగా నెల తిరక్కుండా పోయేవాళ్ళు. ఆసుపత్రి దూరం, రోడ్డు లేదు, జనం బయటికి తీసుకెళ్ళరు. మనకి చెప్పే కారణాలే. అప్పుడు వాళ్ళు "అవగాహన లోపం" అని రాసి చేతులు దులుపుకోలేదు. ఊరికొక ఆడమనిషిని తీసుకున్నారు. పదో తరగతి కూడా దాటనివాళ్ళు. బిడ్డని తూచడం, ఒళ్ళు వేడి చూడడం, ఊపిరి లెక్కపెట్టడం, పాలు పట్టించడం నేర్పారు. ఆపైన, పెద్ద పెద్ద డాక్టర్లు నోరెళ్ళబెట్టిన పని ఒకటి చేశారు. సెప్సిస్ గుర్తుపట్టి, తల్లిదండ్రుల అనుమతితో, ఇంట్లోనే జెంటామైసిన్ ఇంజెక్షన్ వెయ్యడం, నోట్లో కోట్రైమాక్సజోల్ సిరప్ వెయ్యడం వాళ్ళకే నేర్పారు.

39 ఊళ్ళలో చేశారు. 47 ఊళ్ళు పోల్చి చూడడానికి పెట్టుకున్నారు. మూడో ఏడాదికి నెలలోపు చావులు, పోల్చిన ఊళ్ళతో చూస్తే, 62 శాతం తగ్గాయి. సెప్సిస్ వచ్చిన బిడ్డల్లో చనిపోయేవాళ్ళు ముందు నూటికి 16.6 మంది ఉంటే, ఊరి ఆడవాళ్ళు మందు మొదలుపెట్టాక 2.8కి పడిపోయారు. ఇది 1999లో లాన్సెట్ అనే వైద్య పత్రికలో అచ్చయింది. ప్రపంచమంతా చదివింది. మేం పుట్టకముందే తేలిపోయిన విషయం ఇది. మా అక్క కూతురు మొన్న చనిపోయింది.

ఆ పద్ధతిలో ఇంకొకటి గమనించాం. వాళ్ళు సెప్సిస్ గుర్తుపట్టిన తీరులో రక్తపరీక్ష లేదు. గుర్తుల్లో మొదట ఉండేవి ఇలాంటివి: ఇంతకుముందు బాగా ఏడ్చే బిడ్డ ఏడుపు తగ్గింది, ఇంతకుముందు బాగా చప్పరించే బిడ్డ చప్పరించడం తగ్గింది. "ఇంతకుముందు" అన్న మాట ఎవరు చెప్పగలరు? ఆ బిడ్డని అప్పుడే మొదటిసారి చూస్తున్న డాక్టరు చెప్పలేడు. మిషన్ చెప్పలేదు. రాత్రింబవళ్ళు ఒళ్ళో పెట్టుకున్న తల్లి ఒక్కతే చెప్పగలదు. "మొన్న ఇలా లేదు" అని అక్క నాలుగుసార్లు అన్నది అదే. ఆ మాటని వైద్యం మొదటి సాక్ష్యంగా తీసుకుంటుంది. మనదగ్గర ఆ మాటకి వచ్చిన జవాబు "పాలు పట్టడం కూడా రాదా నీకు".

సరే, గడ్చిరోలి వాళ్ళది, మనకెందుకు అంటారేమో. మనదే. 2011 నుంచి దేశమంతా ఆశాలు ఇళ్ళకి వెళ్ళి పసిబిడ్డని చూసే కార్యక్రమం ఉంది. అది ఆ గడ్చిరోలి నుంచి పుట్టిందే. ఆసుపత్రిలో కాన్పయితే 3, 7, 14, 21, 28, 42 రోజుల్లో ఆరుసార్లు. ఇంట్లో అయితే మొదటి రోజు కూడా కలిపి ఏడుసార్లు. ఆశా సంచిలో తూకం, డిజిటల్ థర్మామీటరు, ఊపిరి లెక్కకి వాచీ ఉండాలి. ఆ ఆరేడు సార్లకీ కలిపి ఆమెకిచ్చేది 250 రూపాయలు. రెండు కొండలు దిగి ఎక్కి వెళ్ళినా అంతే. కాబట్టి ఈ పోస్టు చదివి ఎవరైనా ఆశా అక్కల మీద పడితే మేం ఒప్పుకోం. వాళ్ళు మన అక్కలే, మన భాష మాట్లాడేది కూడా వాళ్ళే. కాకపోతే రిజిస్టర్లో టిక్కులు ఎలా పడుతున్నాయో అందరికీ తెలుసు. మా అక్క బిడ్డ పేరు మీద కూడా ఏడో రోజు టిక్కు ఉంది. ఆ రోజు ఆమె ఇంకో ఊర్లో కాన్పు దగ్గర ఉంది. ఒక మనిషికి చెయ్యలేనన్ని ఊళ్ళు అప్పగించి, టిక్కు లేకపోతే డబ్బులు కట్ చేస్తే టిక్కే వస్తుంది, మనిషి రాదు.

అసలు సంగతి దీనికన్నా పెద్దది. గడ్చిరోలిలో ఇంజెక్షన్ వేసింది ఊరి ఆడమనిషి. దేశమంతా పెట్టినప్పుడు ఆశా చేతికి ఆ ఇంజెక్షన్ ఇవ్వలేదు. తూచమన్నారు, చూడమన్నారు, రిఫర్ చెయ్యమన్నారు. రిఫర్ అంటే మనకి తెలుసు, డోలీ. తర్వాత 2014లో కేంద్ర ఆరోగ్య శాఖ ఇంకో మార్గదర్శకం తెచ్చింది. రెండు నెలల్లోపు బిడ్డకి సెప్సిస్ అనుమానం ఉంటే, పెద్దాసుపత్రికి పంపేముందు ఏఎన్ఎం మొదటి డోసు జెంటామైసిన్ వెయ్యాలి, నోట్లో అమాక్సిసిలిన్ వెయ్యాలి. తల్లిదండ్రులు వెళ్ళలేకపోతే, వెళ్ళమని తేల్చి చెప్తే, ఏడు రోజులూ ఏఎన్ఎమ్మే ఆ మందు పూర్తి చెయ్యాలి. 2015లో ప్రపంచ ఆరోగ్య సంస్థ కూడా, పెద్దాసుపత్రికి పంపడం కుదరని చోట దగ్గర్లోనే వైద్యం చెయ్యమని దాదాపు ఇదే చెప్పింది.

అంటే ఆ రాత్రి పీహెచ్‌సీలో రాసిచ్చిన చీటీకి ముందు ఒక సూది పడాలి. అది దయ కాదు, పని. జెంటామైసిన్ ఖరీదైన మందు కూడా కాదు, పాత మందు, చవక మందు. పెద్దాసుపత్రికి పట్టే గంటలు ఆ సూక్ష్మజీవికి వదిలేసిన గంటలు. మొదటి డోసు పడితే బిడ్డ తప్పకుండా బతికేదని మేం అనం, ఎవరూ అనలేరు. అవకాశం అయితే ఉండేది. ఆ అవకాశం ఎందుకు ఇవ్వలేదని అడిగే హక్కు మావకి ఉందని చెప్పేవాళ్ళు ఊర్లో ఎవరూ లేరు. చదువుకున్నవాళ్ళం మేమే ఊరుకున్నాం.

ఇంకోటి కూడా రాసిపెట్టుకోండి. జననీ శిశు సురక్ష కార్యక్రమం 2011 జూన్ నుంచి ఉంది. జబ్బుపడిన పసిబిడ్డకి ప్రభుత్వ ఆసుపత్రిలో మందులు, పరీక్షలు, రక్తం, ఇంటి నుంచి ఆసుపత్రికి బండి, ఒక ఆసుపత్రి నుంచి ఇంకో ఆసుపత్రికి బండి, తిరిగి ఇంటికి బండి, అన్నీ ఉచితం. మొదట నెలలోపు బిడ్డలకే ఉండేది, తర్వాత ఏడాది దాకా పెంచారు. ఎవరైనా బయట షాపులో కొనుక్కురమ్మంటే చీటీ మీద రాసిమ్మనండి. రాసి ఇవ్వరు, మందు లోపల దొరుకుతుంది. ఇది మా అనుభవం.

ఇప్పుడు మన మీద కోపం సంగతి. ఇక్కడ కొందరికి మా మీద కోపం రావొచ్చు.

మన గ్రూపులోనే వాతలు పెట్టడం మన సంస్కృతి, బయటివాళ్ళు దాన్ని మూఢనమ్మకం అనకూడదు అని వాదించినవాళ్ళు ఉన్నారు. వాళ్ళకి లైకులు కొట్టినవాళ్ళలో మేమూ ఉన్నాం. అప్పుడు కొట్టాం, ఇప్పుడు వెనక్కి తీసుకుంటున్నాం. పొట్ట ఉబ్బిన పసిబిడ్డకి కాలిన కడ్డీ పెడితే సూక్ష్మజీవి చావదు, ఇంకో దారి తెరుచుకుని లోపలికి పోతుంది. పొట్ట ఉబ్బడం, పాలు కక్కడం కూడా సెప్సిస్‌లో ఉంటాయి. అంటే వాత పెట్టే బిడ్డల్లో కొందరు అప్పటికే చావుబతుకుల్లో ఉన్నవాళ్ళు. బొడ్డు మీద బూడిద, పేడ, నూనె కూడా అంతే. బొడ్డుకి ఏమీ పెట్టకూడదు, పొడిగా వదిలెయ్యాలి. మంత్రసాని చెయ్యి సబ్బుతో కడుక్కోవాలి, కొత్త బ్లేడు, శుభ్రమైన దారం, శుభ్రమైన గుడ్డ. ఇవి చెప్తే సంస్కృతి చచ్చిపోదు. థింసా చచ్చిపోదు, ఇటుకల పండగ చచ్చిపోదు. బిడ్డ చచ్చిపోతే రేపు థింసా ఎవరు ఆడతారు?

అలాగని పెద్దవాళ్ళు చేసేదంతా తప్పని మేం అనట్లేదు. బిడ్డని తల్లి ఒంటికి ఆనించి పడుకోబెట్టడం, చలి తగలకుండా చూడడం, కొన్నాళ్ళు తల్లీబిడ్డల గదిలోకి ఎవరిని పడితే వాళ్ళని రానివ్వకపోవడం ఇవన్నీ మంచివే. ఇప్పుడు పెద్దాసుపత్రుల్లో కంగారూ పద్ధతి అని పేరు పెట్టి నేర్పుతున్నది మా అమ్మమ్మలు చేసినదే. ఏది ఉంచుకోవాలో ఏది వదిలెయ్యాలో మనం ఇంట్లో కూర్చుని మాట్లాడుకోవాలి. బయటివాడు తిడితే అన్నీ పట్టుకుని కూర్చోవడం, పట్నం రాగానే అన్నీ వదిలెయ్యడం, రెండూ తెలివితక్కువే.

దిసారి దగ్గరికి వెళ్ళడం కూడా మేం ఆపలేం, ఆపమని చెప్పం. అమ్మమ్మకి ఆ ధైర్యం కావాలి. కానీ వరస మారాలి. బండికి ఫోన్ చేసి, బండి వచ్చేలోపు పూజ. పూజ అయ్యాక ఫోన్ కాదు. మా ఊరి దిసారితో ఈ మాటే చెప్తే ఆయన నవ్వి, "పసిబిడ్డయితే నేనే పొమ్మంటాను" అన్నాడు. ఆయనకి ఉన్నపాటి అవగాహన ఎందరికుందో మరి.

సంతలో సూది వేసే డాక్టర్ల దగ్గరికి మాత్రం నెలలోపు బిడ్డని తీసుకెళ్ళొద్దు. జెంటామైసిన్ బిడ్డ బరువుని బట్టి కొలిచి వెయ్యాల్సిన మందు. ఎక్కువైతే చెవులకి, మూత్రపిండాలకి దెబ్బ. మోతాదు మనం కూడా గూగుల్లో వెతికి చెప్పకూడదు. మన పని గుర్తుపట్టడం, బయల్దేరదీయడం, మొదటి డోసు అడగడం.

దారిలో చెయ్యాల్సినది కూడా ఉంది. బిడ్డని తల్లి గుండెకి ఒంటికి ఒళ్ళు ఆనేలా పెట్టి పైన దుప్పటి చుట్టాలి, నెత్తికి టోపీ. స్నానం చేయించొద్దు. మింగగలిగితే రొమ్ము పట్టిస్తూనే ఉండాలి, పట్టలేకపోతే పిండిన పాలు చెంచాతో. మూర్ఛలో ఉంటే నోట్లో ఏమీ పొయ్యొద్దు. ఏ రోజు, ఏ పూట నుంచి పాలు మానేసిందో ఒక కాగితం మీద తెలుగులో రాసి తల్లి చేతికివ్వండి. ఆమె భాష అక్కడ ఎవరికీ అర్థం కాకపోయినా ఆ కాగితం మాట్లాడుతుంది. ఆ ఇంట్లో రాయడం వచ్చిన మొదటి మనిషివి నువ్వే అయితే అది నీ పని.

పెద్దాసుపత్రి అంటే అన్నీ బాగుంటాయని కూడా అనుకోవద్దు. ఢిల్లీలో మూడు పెద్ద ఆసుపత్రుల్లో పుట్టిన పిల్లల మీద చేసిన పరిశీలన 2016లో అచ్చయింది. 13,530 మంది బిడ్డల్ని చూస్తే నూటికి 14 మందికి పైగా సెప్సిస్ వచ్చింది. ఎసినెటోబాక్టర్ అనే సూక్ష్మజీవిలో 82 శాతం చాలా రకాల మందులకి లొంగనివి. అది పల్లెలో పేడ పెట్టిన బొడ్డు నుంచి వచ్చింది కాదు. రాజధానిలో, తెల్లకోట్ల మధ్య, కడగని చేతుల నుంచి, ఒకే మంచం మీద ఇద్దరు బిడ్డల్ని పడుకోబెట్టే రద్దీ నుంచి వచ్చే జాతి. అక్కడ బిడ్డ చనిపోతే పేపర్లో అవగాహన లోపం అని రాయరు. వసతుల కొరత అంటారు. మనకొచ్చేసరికి మాట మారిపోతుంది.

2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం దేశంలో వెయ్యిమంది పుడితే నెలలోపు పోయేవాళ్ళు 24.9. ఎస్టీల్లో 28.8. ఈ తేడా మన రక్తంలో లేదు. రోడ్డు ఆగిపోయిన చోట, సిగ్నల్ ఆగిపోయిన చోట, తెలుగు తప్ప ఇంకోటి వినని చోట ఉంది.

జీవో 3 కొట్టేసినప్పుడు బంద్‌లు చేశాం. చెయ్యాల్సిందే, అది మన ఉద్యోగం. ఆగస్టు 9కి డీజే పెట్టి, జెండా పట్టుకుని స్టేటస్‌లు పెట్టుకుంటాం. బాగానే ఉంది. ఒక్కసారైనా ఐటీడీఏ ముందు కూర్చుని, మా సబ్ సెంటర్లో జెంటామైసిన్ ఉందా, ఏఎన్ఎంకి ట్రైనింగ్ ఇచ్చారా, రిఫర్ చీటీ మీద మొదటి డోసు వేసిన టైము ఎందుకు రాయట్లేదు అని అడిగామా? అడగలేదు. పోయినవాళ్ళు ఓటర్లు కాదు, ఉద్యోగార్థులు కాదు. చాలామందికి పేరు కూడా పెట్టి ఉండరు. మా అక్క కూతురికీ పెట్టలేదు. నెల నిండాక పెడదామనుకున్నారు.

మేం నలుగురం పెట్టుకున్న పని చెప్తాం, పెద్దదేం కాదు. సెలవులకి ఊరెళ్ళినప్పుడు గర్భిణులు, బాలింతలు ఉన్న ఇళ్ళకి వెళ్ళి గుర్తులు చెప్పడం, ఒక్కో ఇంట్లో ఒకరికి ఊపిరి లెక్క నేర్పడం. కువిలో, ఆదివాసీ ఒడియాలో మూడు నిమిషాల ఆడియో రికార్డు చేశాం, సిగ్నల్ లేని ఊళ్ళకి బ్లూటూత్‌లో పంపొచ్చు. కోయ, గోండి, సవర మాట్లాడేవాళ్ళు ముందుకొస్తే వాళ్ళ గొంతుతో చేద్దాం. రెండోది సమాచార హక్కు దరఖాస్తు. మా మండలంలో ఒక్కో సబ్ సెంటర్లో జెంటామైసిన్ నిల్వ ఎంత, గడిచిన ఏడాది ఎంతమంది పసిబిడ్డలకి మొదటి డోసు వేశారు అని రెండే ప్రశ్నలు. దరఖాస్తు రాసేశాం, పది రూపాయల ఫీజు, వార్డెన్ సారు కూడా చదివి ఒక తప్పు దిద్దారు. సోమవారం ఇస్తున్నాం. కావాల్సినవాళ్ళు అడగండి, అదే కాగితం పంపుతాం, మండలం పేరు మార్చుకుంటే చాలు.

మావకి ఈ పోస్టు మొత్తం మొన్న ఫోన్లో చదివి వినిపించాం. సగం తెలుగులో, సగం కువిలో. అంతా విని, "అయితే సూది వెయ్యాల్సింది మరి" అన్నాడు. అవును మావా అన్నాం. కాసేపు ఏమీ అనలేదు. తర్వాత ఆ దరఖాస్తు మీద తన వేలిముద్ర కూడా వెయ్యొచ్చా అని అడిగాడు.

మీ ఊరు, మీ సబ్ సెంటర్, అక్కడికి నడక ఎన్ని గంటలో కింద రాయండి.